పొట్టోడి మీసం

"తల కదపకురా. కదిపితే తెగుతుంది."

"చక్కిలిగిలి పెడుతోంది నాన్నా."

"అందుకే కదపకంటున్నా."

వీధి వైపు షట్టరు దించేసి, ఇంట్లోకి వెళ్ళే తలుపుకి గడియ పెట్టి, అద్దం పైన ఒక్క లైటే వేసుకుని జరుగుతున్న పని ఇది. ఆ రోజు సెలూన్‌కి సెలవు. కుర్చీలో ఉన్నది కస్టమరు కాదు, పొట్టోడు. వయసు ఆరేళ్ళు. పై పెదవి మీద తెల్లగా నురగ.

కత్తి పట్టుకున్నది వాళ్ళ నాన్న. పక్కన తువ్వాలు పట్టుకుని కాపలా కాస్తున్నది నాయనమ్మ.

చిన్నపిల్లలు జుట్టు కత్తిరించుకోడానికి వస్తే, కుర్చీ చేతుల మీద అడ్డంగా ఒక చెక్క వేసి దాని మీద కూర్చోబెట్టడం ఈ సెలూన్ పద్ధతి. పోయినేడు పొట్టోడు కూడా ఆ చెక్క మీదే కూర్చునేవాడు. ఇప్పుడు చెక్క మూలన పడి ఉంది. వాడు పెద్దమనిషిలా వెనక్కి వాలితే కాళ్ళు కింద మెట్టుకి ఆనుతున్నాయి.

తలుపు మీద ఎవరో గట్టిగా కొట్టారు.

"లోపలెవరు? గడియెందుకు పెట్టారు?"

పొట్టోడి అమ్మ. చెప్పుల షాపులో పనికి సెలవు చెప్పి, ఆసుపత్రికి తయారై, కొడుకు కోసం ఇల్లంతా వెతికి ఇక్కడికొచ్చింది.

"వస్తున్నాం, ఉండు. పిల్లాడికి స్నానం చేయిస్తున్నా" అంది నాయనమ్మ.

"సెలూన్లోనా?"

నాయనమ్మ తొందరగా కానివ్వమని కొడుక్కి సైగ చేసింది.

"తలుపు తీస్తారా, వీధిలోకి వెళ్ళి షట్టరెత్తమంటారా?"

షట్టరెత్తితే వీధి వీధంతా చూస్తుంది. నాయనమ్మ గడియ తీసింది.

పొట్టోడి అమ్మ లోపలికొచ్చి కొడుకు మొహం చూసింది. పెదవి మీద కుడి పక్క అంతా నున్నగా ఉంది. ఎడమ పక్క నురగ కింద నూనూగు మీసం ఇంకా మిగిలే ఉంది.

"ఏం చేస్తున్నారండీ మీరు?"

ఆయన కత్తికంటిన నురగ తుడిచాడు. మాట్లాడాల్సిన చోట ఆయన మాట్లాడినట్టు ఆ ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

"నేనే చేయించాను" అంది నాయనమ్మ. "ఆరేళ్ళ పిల్లాణ్ణి మీసాలతో ఆసుపత్రికి తీసుకెళ్తామా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

"ఆ మీసం చూపించడానికే కదా అత్తయ్యా వెళ్తోంది!"

నాయనమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు కత్తి వైపు చూశాడు. నిజమే, ఈ సంగతి ఇద్దరికీ తట్టలేదు. చుట్టాలొస్తున్నారంటే ఇల్లు సర్దినట్టు, డాక్టరు దగ్గరికి వెళ్తున్నామని జబ్బుని సర్దేశారు. పరువు అనే పదార్థం బుర్రలో ఎక్కువైతే మిగతా వాటికి చోటుండదు.

"పోనీ, మిగతా సగం కూడా తీసెయ్యనా?" అన్నాడాయన చివరికి.

"ముట్టుకోకండి! ఉన్న సగమైనా ఉండనివ్వండి."

ఆమె నాయనమ్మ చేతిలో తువ్వాలు లాక్కుని నురగ తుడిచేసింది. పొట్టోడు అద్దంలో తన మొహం చూసుకున్నాడు. ముందు నవ్వాడు. తర్వాత అమ్మ మొహం చూసి నవ్వు మానేశాడు.

"అమ్మా, ఇలాగే రావాలా?"

"ఇలాగే రావాలి."

"అందరూ చూస్తారుగా."

ఆమెకి ఏడుపొచ్చింది. కోపంగా ఉన్నప్పుడు ఏడవడం ఇష్టం లేదు కాబట్టి వాడి జబ్బ పట్టుకుని లాగింది.

బస్సులో పొట్టోడు దారి పొడుగునా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చున్నాడు. ఎదురు సీట్లో పెద్దాయనకి తోచలేదు కాబోలు, పలకరించాడు.

"ఏ క్లాసు బాబూ?"

"ఒకటి" అన్నాడు పొట్టోడు చేతి వెనకనించి. ఆ గొంతు ఈమధ్యే బొంగురుపోయింది.

"ఒకటా! ఎన్నిసార్లు తప్పావేంటి?"

చుట్టుపక్కల నాలుగు సీట్లూ నవ్వాయి. నాయనమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. నాన్న చేతిలో టిక్కెట్టు మడతలు పెడుతూ కూర్చున్నాడు. పోయిన వారం బడిలో హెడ్మాస్టరమ్మ కూడా ఇలాగే నవ్వుతూ మొదలుపెట్టింది. వయసు తక్కువ వేసి చేర్చారా అని అడిగింది, మిగతా పిల్లల తల్లిదండ్రులు భయపడుతున్నారంది, డాక్టరు చీటీ తెచ్చేదాకా పంపొద్దంది. ఆరేళ్ళ పిల్లాణ్ణి చూసి భయపడ్డ ఆ పెద్దలకి ఏ డాక్టరు చీటీ రాస్తాడో తెలీదు.

*

డాక్టరమ్మ ముందు పొట్టోడి మొహం చూసింది. తర్వాత మొహానికున్న సగం మీసం చూసింది.

"ఎవరు చేశారీ పని?"

"మా నాన్న" అన్నాడు పొట్టోడు, సాయం చేస్తున్నాననుకుని.

ఆవిడ ఆయన వైపు ఒక్క చూపు చూసి, పొట్టోడి చెయ్యి ఎక్స్‌రే తీయించి లైటు పలక మీద పెట్టింది. ఎదుటివాళ్ళ కళ్ళలో నీళ్ళు చూసి మాటకి మెత్తదనం చేర్చే మనిషి కాదు.

"వీడి వయసు ఆరు. ఈ ఎముకల వయసు పదకొండు."

"అంటే మా వాడికి బలం ఎక్కువన్నమాట" అంది నాయనమ్మ.

"అంటే వీడు పెద్దగా పెరగడమ్మా. ముందే పెరిగేస్తున్నాడు. ఇప్పుడు క్లాసులో అందరికన్నా పొడుగు. ఇలాగే సాగితే ఎముకలు తొందరగా ముదిరి ఎదుగుదల ఆగిపోతుంది. తోటివాళ్ళు పెరిగే వయసొచ్చేసరికి వీడు ఉన్నచోటే ఉండిపోతాడు. పెద్దయ్యాక అందరికన్నా పొట్టిగా మిగులుతాడు."

పొట్టోడు బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ వింటున్నాడు. పిల్లలు వినరని పెద్దవాళ్ళందరికీ ఒక నమ్మకం.

"ఎందుకిలా అయింది?" అంది పొట్టోడి అమ్మ.

"అదే తేలాలి. శరీరం తన పాటికి తను తొందరపడితే గుర్తులన్నీ ఒక వరుసలో వస్తాయి. వీడికి ఆ వరుస తప్పింది. కొన్ని వచ్చాయి, వాటికంటే ముందు రావలసినవి రాలేదు. ఇలాంటప్పుడు మేం రెండిట్లో ఒకటి అనుమానిస్తాం. ఒంట్లో ఎక్కడో గడ్డ ఉండి అది హార్మోను తయారు చేస్తూ ఉండాలి. లేకపోతే ఆ హార్మోను బయట్నించి వస్తూ ఉండాలి."

"బయట్నించా?"

డాక్టరమ్మ కుర్చీ ఆయన వైపు తిప్పింది.

"మీరు బలానికనో, మగతనానికనో ఒంటికి ఏదైనా జెల్లు గానీ క్రీము గానీ రాసుకుంటున్నారా? అది రాసుకున్న ఒంటికి పిల్లలు రోజూ తగిలితే చాలు, మందు వాళ్ళ చర్మంలోకి ఇంకిపోతుంది. ఒంటికే కాదు, విప్పేసిన బట్టలకి తగిలినా అంతే."

ఆయన భుజాల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. చొక్కా లోపల జరిగింది కాబట్టి ఎవరూ చూడలేదు.

"లేదండీ" అన్నాడు.

"మా వాడికి అలాంటి మందుల ఖర్మేం పట్టింది!" అంది నాయనమ్మ. "కొడుకుని కన్నాడుగా!"

"సిగ్గుపడాల్సిందేం లేదు. చాలామంది వాడతారు. ఉంటే చెప్పండి, మానేస్తే సరిపోతుంది. పిల్లాడికి చాలావరకు దానంతటదే తగ్గుముఖం పడుతుంది. లేదంటే గడ్డ కోసం వెతకాలి. రేపు పొద్దున్నే ఏమీ తినిపించకుండా తీసుకురావాలి. రోజంతా ఇక్కడే. చాలాసార్లు రక్తం తీస్తాం. తలా, కడుపూ స్కాను చేస్తాం. కదలకుండా ఉండడు కాబట్టి మత్తిస్తాం."

పొట్టోడు కాళ్ళు ఊపడం మానేశాడు.

"గడ్డంటే... ఏ గడ్డండీ?" అంది పొట్టోడి అమ్మ.

"చూస్తేగానీ చెప్పలేం." డాక్టరమ్మ మళ్ళీ ఆయన వైపే చూసింది. "బాగా ఆలోచించుకున్నారా?"

"లేదండీ. అలాంటిదేం లేదు."

రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా తేలికైంది. అబద్ధానికున్న సుఖం అదే.

*

ఇంటికొచ్చి చెప్పులు విడిచారో లేదో నాయనమ్మ అందుకుంది.

"బయట్నించి అందిగా డాక్టరు. విన్నావా?"

"విన్నాను."

"బయట్నించి వాడి ఒంట్లోకి పోయేది ఏముంది? నువ్వు పెట్టే తిండి. నువ్వు తాగించిన టానిక్కు. మీ అక్క పంపిందని సీసాలకి సీసాలు పోయించావు."

"అది ఆకలికి అత్తయ్యా. పిల్లల డాక్టరుకి చూపించే వేశాం. మానేసి కూడా చాలాకాలమైంది."

"మానేస్తే? లోపలికెళ్ళింది ఊరుకుంటుందా? నా కొడుకుని పెంచాను నేను. పదహారేళ్ళకి గానీ గొంతు మారలేదు. ఇలాంటి వింతలు మా ఇంట్లో పుట్టలేదు."

"వాడు వింత కాదు. మీ మనవడు."

"ఏడో నెలకే కని పడేశావు. పట్టుమని ఇంకో రెండు నెలలు కడుపులో ఉంచుకోవడం చేతకాలేదు. అప్పుడే అనుకున్నా, ఈ పిల్లాడు సరిగా ఉండడని."

పొట్టోడు వంటగది గుమ్మంలో నిలబడి బిస్కెట్టు తింటున్నాడు. నమలడం ఆపేశాడు.

"అత్తయ్యా, ఆ మాట ఆరేళ్ళుగా అంటున్నారు. ఇంకో ఆరేళ్ళన్నా పడతాను. ఈ ఒక్కరోజు వాడి ముందు అనకండి."

"వాడి ముందంటే ఏమైంది? వాడు మాత్రం చిన్నపిల్లాడా!"

ఆ మాట ఆవిడ నోరు జారి అన్నదో, కావాలనే అన్నదో తెలీదు. పొట్టోడు మిగతా బిస్కెట్టు జేబులో పెట్టుకున్నాడు.

పొట్టోడి అమ్మ మొగుడి వైపు తిరిగింది. ఆయన గోడకానుకుని, రోజూ చూసే క్యాలెండరుని కొత్తగా చూస్తున్నాడు.

"మీరేమంటారు? మీకూ అదే అనిపిస్తోందా? నేను పెట్టిన తిండి వల్లేనా?"

ఒక్క మాట చాలు. ఆ మాట ఆయన నోట్లోనే ఉంది.

"ఏమో" అన్నాడు. "అమ్మ చెప్పింది కూడా ఆలోచించాలి."

 ఆయన సెలూన్ తలుపు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

*

అద్దం కింద అలమరలో షేవింగ్ క్రీము డబ్బాల వరసలో నాలుగోది పాత డబ్బా. మూత మీద బొమ్మ అరిగిపోయింది. దాన్లో క్రీము లేదు. మందుల షాపు స్నేహితుడు కాగితంలో చుట్టి ఇచ్చే జెల్లు ఉంది. ట్యూబు మీద రాతలు ఎవరైనా చూస్తారని అందులోకి పిండి, ట్యూబునీ పెట్టెనీ దానితో వచ్చిన కాగితాన్నీ చదవకుండానే పారేస్తుంటాడు.

దీని వెనక పెద్ద కథేం లేదు. ఏడాదిన్నర కిందట ఒక కస్టమరు గడ్డం గీయించుకుని, బాగా రాలేదని అందరి ముందూ ఆయన చెంప మీద నురగ పూసి నవ్వుతూ పోయాడు. ఆయన నురగ తుడుచుకుని తర్వాతి కస్టమరుని పిలిచాడు. అప్పుడే భోజనం తెచ్చిన పెళ్ళాం గుమ్మంలోంచి అదంతా చూసింది. "మీరూ ఒక మగాడేనా?" అంది. కోపంలో అంది, సాయంత్రానికి మర్చిపోయింది. ఆయన మర్చిపోలేదు. ఆమె అడిగింది ధైర్యం గురించి. ఆయన వెళ్ళి మందు కొనుక్కొచ్చాడు.

రోజూ రాత్రి స్నానం చేసి, భుజాలకీ ఛాతీకీ పట్టించి, ఆ ఒంటితోనే వెళ్ళి పడుకునేవాడు. ఒంట్లో సత్తువ వచ్చినట్టే ఉండేది. పడుకోగానే పొట్టోడు వచ్చి గుండెల మీదికెక్కేవాడు.

అదీ వాడి పుట్టుకతో వచ్చిన అలవాటే. ఏడో నెలలో పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉన్నాడు. తల్లి జ్వరంతో వేరే వార్డులో పడి ఉంది. నర్సు వచ్చి ఆయన చొక్కా గుండీలు విప్పించి, వాణ్ణి ఒంటి మీద బోర్లా పడుకోబెట్టి, "మీ ఒంటి వేడే వీడికి మందు" అంది. వారాల తరబడి కుర్చీలోంచి కదలకుండా కూర్చున్నాడు. ఆయన జీవితంలో చేసిన గొప్ప పని అదొక్కటే. పిల్లాడు బతికాడు. పేరు పొట్టోడైంది. నాన్న గుండెల మీద తప్ప నిద్రపోనన్నాడు. నాన్న రావడం ఆలస్యమైతే, ఆయన విడిచిన బనియను తొడుక్కుని ఆ వాసనతో పడుకునేవాడు. ఎంత ముద్దుగా ఉందో అని ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్ళు.

ఏడాదిన్నరగా పొట్టోడు చకచకా పెరిగాడు. సెలూన్‌కి వచ్చిన ప్రతివాడూ "సింహం లాంటి కొడుకండీ" అన్నాడు. ఆయన మీసం దువ్వుకున్నాడు. కొడుక్కి మీసం మొలిచేదాకా దువ్వుకుంటూనే ఉన్నాడు.

ఇప్పుడు డబ్బా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.  నేనే చేశానని మొదటిసారి తనలో తను అనుకున్నాడు. అనుకోగానే వాష్ బేసిన్ పట్టుకుని వంగాడు. ఆ బాధ నిజమైనదే, అది కాదనడానికి లేదు. కానీ దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది.

మానేస్తే చాలని డాక్టరే అంది కదా. మానేస్తాను. మరి చెప్పడమెందుకు?

ఈ ఆలోచన ఆయనకి ఎంత హాయిగా ఉందంటే, రేపు పిల్లాడి చేతికి గుచ్చబోయే సూదులు అందులో ఎక్కడా కనబడలేదు. గడ్డ ఉందో లేదో అని వణికిపోతున్న పెళ్ళాం కనబడలేదు. "మగాడేనా" అన్న మనిషి ముందు నిలబడి ఈ డబ్బా చూపించడమొక్కటే కనబడింది. అది మాత్రం తన వల్ల కాదు.

జెల్లంతా బేసిన్లో పోసి కుళాయి తిప్పాడు. డబ్బా కడిగి మళ్ళీ వరసలో నాలుగోదిగానే పెట్టాడు.

*

మధ్యాహ్నం ఆయన మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. పొట్టోడు చప్పుడు చెయ్యకుండా వచ్చాడు. పెదవి మీద సగం మీసం అలాగే ఉంది. రోజూలాగే మంచమెక్కి ఆయన గుండెల మీద తల పెట్టాడు.

ఆయన ఉలిక్కిపడి లేచాడు. ఒంటి మీద ఏదో పాకినట్టు విదిలించుకున్నాడు. పొట్టోడి తల మంచం కోడుకి తగిలింది.

"దిగు! అవతలికి పో!"

"నాన్నా, రేపు మత్తిస్తారంట. భయమేస్తోంది."

"పెద్దోడివయ్యావు కదరా, మీసాలొచ్చాయి. ఇంకా నాన్న మీద పడుకోడానికి సిగ్గు లేదూ?"

ప్రేమతోనే అన్నానని ఆయన తర్వాత అనుకుని ఉండొచ్చు. మందు మిగిలిన ఒంటికి పిల్లాడు తగలకూడదనే తోశానని కూడా అనుకుని ఉండొచ్చు. పొట్టోడికి అవేవీ తెలియవు. వాడు తల రుద్దుకుంటూ కాసేపు నిలబడ్డాడు. ఏడుస్తాడనుకున్నాడాయన. ఏడవలేదు. పెదవి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, బస్సులో కూర్చున్నప్పటిలాగే, బయటికి నడిచాడు.

గుమ్మంలో పొట్టోడి అమ్మ ఉంది. అంతా చూసింది.

"ఆరేళ్ళలో ఒక్కసారైనా వాణ్ణి దించారా మీరు?"

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"మిమ్మల్నే అడుగుతున్నా."

"నిద్రపోనీ నన్ను."

ముందు గదిలోంచి నాయనమ్మ పిలిచింది. ఆవిడ తీర్పు సిద్ధమైంది. కొడుకునీ కోడల్నీ ఎదురుగా నిలబెట్టి కుర్చీలో కూర్చుని చెప్పింది.

"రేపు ఆ పరీక్షలేవో అవనీ. అయ్యాక నువ్వు మీ అమ్మగారింటికి వెళ్ళి ఉండు."

"ఎన్నాళ్ళు?"

"వాడు బాగుపడేదాకా."

"వాణ్ణి తీసుకునేనా?"

"వాణ్ణెందుకు పంపుతాను? నీ చేతి తిండి ఆగితే వాడే దారిలో పడతాడు. ఇక్కడే ఉంటాడు, వాళ్ళ నాన్న దగ్గర."

పొట్టోడి అమ్మ నవ్వింది. నవ్వాలని కాదు. చెప్పుల షాపులో నెలనెలా కొడుక్కి పెద్ద సైజు బూట్లు తీస్తూ, తోటి పనివాళ్ళు వేసే జోకులకి నవ్వీ నవ్వీ ఆ అలవాటు పడిపోయింది.

"గడ్డ ఉందేమోనని భయంతో నేను చస్తుంటే, పిల్లాణ్ణి వదిలి పొమ్మంటారా? ఏవండీ, మీరూ అదే అంటారా?"

ఆయన కింద గచ్చు వైపు చూశాడు. ఆమె వెళ్ళిపోతే ఇంట్లో అడిగేవాళ్ళుండరు. పిల్లాడు నెమ్మదిగా కుదుటపడతాడు. తల్లి చేతి తిండి మానినందుకే తగ్గిందని నాయనమ్మ ఊరంతా చెప్పుకుంటుంది. అన్నీ చక్కగా కలిసొస్తున్నాయి. ఇంత చక్కగా కలిసొస్తుంటే ఆయనకే భయమేసింది.

"కొన్నాళ్ళే కదా" అన్నాడు.

ఆమె పెరటి వైపూ వంటగది వైపూ తల తిప్పి చూసింది. 

"పొట్టోడేడి?" అంది. "చప్పుడే లేదు."

వెతికారు. పెరట్లో లేడు, వంటగదిలో లేడు. సెలూన్లో లైటు వేస్తే, మూలన పడి ఉన్న ఆ చెక్క పక్కన గోడకి ముడుచుకుని నిద్రపోతున్నాడు. చొక్కా విప్పేసి, నాన్న పొద్దున విడిచిన బనియను తొడుక్కున్నాడు. దాని అంచు రెండు చేతుల్తో ముక్కు దగ్గరికి లాక్కుని పట్టుకున్నాడు.

ఆయన ఒక్క అంగలో వెళ్ళి వాణ్ణి లేపి, బనియను పట్టుకుని లాగాడు. భుజం దగ్గర చిరిగింది. పొట్టోడు నిద్రలోనే కేకపెట్టాడు.

"ఏంటండీ ఇది! ఎందుకు లాగుతున్నారు?"

"మాసిపోయింది."

"రోజూ మాసిందే వేసుకుంటాడు."

"ఇక వేసుకోకూడదు. అంతే."

"ఎందుకని?"

ఆయన బనియను ఉండ చుట్టి వెనక్కి పెట్టుకోబోయాడు. ఆమె లాక్కుంది. లాక్కుని, ఏం చేస్తున్నానో తనకే తెలియనట్టు ముక్కు దగ్గర పెట్టుకుంది. స్పిరిట్ లాంటి వాసన. ఏడాదిన్నరగా ఈ మనిషి పక్కన పడుకుంటే వచ్చే వాసన. గడ్డం గీసుకున్నాక రాసుకునేదేదో అనుకుంది ఇన్నాళ్ళూ.

*విప్పేసిన బట్టలకి తగిలినా అంతే.*

ఆమె తలెత్తి మొగుడి మొహం చూసింది. అద్దంలో ఆయన వీపు కనబడుతోంది, ఎదురుగా మొహం కనబడుతోంది. ఎటు చూసినా దాక్కోడానికి ఆయనకి చోటు లేదు.

"నువ్వా?" అంది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన్ని నువ్వు అంది.

"ఏంట్రా ఆ గొడవ?" నాయనమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఏమంటోంది?"

ఆయనకి ఇంకా టైముంది. తల్లి ఎదురుగా ఉంది, పెళ్ళాం ఎదురుగా ఉంది, కొడుకు కాళ్ళ దగ్గర ఉన్నాడు. చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

"ఏం లేదమ్మా" అన్నాడు. "రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే వాళ్ళ అమ్మగారింటికి వెళ్తానంటోంది."

పొట్టోడు కళ్ళు నులుముకుంటూ లేచి నిలబడ్డాడు. చొక్కా లేని ఒంటికి రెండు చేతులూ చుట్టుకుని నాన్న వైపు చూశాడు.

"నాన్నా, పెద్దయ్యాక నేను పొట్టిగానే ఉంటానంట. డాక్టరాంటీ చెప్పింది." బొంగురు గొంతుతో, చాలా జాగ్రత్తగా అడిగాడు. "అప్పుడు పడుకోనిస్తావా?"

నాయనమ్మ గుమ్మంలోంచి పక్కకి జరిగింది. 

పొట్టోడి అమ్మ వాడి చొక్కా వెతికి తొడిగింది. గుండీలన్నీ పెట్టింది. తర్వాత మొగుడి పక్కనించి, అత్తగారి పక్కనించి, ఎవరికీ తగలకుండా లోపలికి నడిచింది.

"సరే అత్తయ్యా" అంది. "సర్దుకుంటాను."

మంచం కిందనించి పెట్టె లాగి తెరిచింది. చిరిగిన బనియనుని, రేపు డాక్టరమ్మకి చూపించడానికి, చెప్పుల షాపు కవర్లో పెట్టి, మూతి బిగించి ముడేసి, అన్నిటికన్నా ముందు దాన్ని పెట్టె అడుగున పెట్టింది.